మీ ప్రశ్న, మా జవాబు: కొడైకెనాల్ పుట్టగొడుగులు అనంతపురంలో మొలుస్తాయా?

ప్రశ్న: సార్, మాది అనంతపురం దగ్గర పల్లె, డిగ్రీ ఫైనలియర్. మా ఫ్రెండ్స్ కొడైకెనాల్ పొయ్యొచ్చి ఆడ మ్యాజిక్ మష్రూమ్స్ దొరుకుతాయి, మన బీళ్ళల్లో కూడా వాన పడినాక అవే మొలుస్తాయి, ఫోన్లో యాప్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది అంటాండారు. నిజమేనా? ఎట్ల గుర్తుపట్టాల? పేరు వేయొద్దు సార్.

జవాబు: గుర్తుపట్టే పద్ధతి చెప్పను తమ్ముడూ, ముందే చెప్పేస్తున్నా. మిగతాదంతా చెప్తా, ఎందుకంటే నీ ప్రశ్నలో అసలు విషయం వాన. పుట్టగొడుగు అంటే మనకి పైన కనిపించే గొడుగు కాదు కదా, అసలు జీవం లోపల మట్టిలో దారాల్లాగా అల్లుకుని ఉంటుంది, తడి బాగా దొరికినప్పుడే పైకి గొడుగు తోస్తుంది, ఆ గొడుగులో పదికి తొమ్మిది వంతులు నీళ్ళే. కొడైకెనాల్ రెండు వేల మీటర్ల పైన ఉంది, మంచు, జల్లు, పచ్చిక, చల్లదనం. మీ అనంతపురానికి ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ, అది కూడా నాలుగు రోజులు కుమ్మేసి నెల్లాళ్ళు మొహం చాటేసే వాన. ఈ మత్తు పుట్టగొడుగుల కథ ప్రపంచానికి తెలిసింది కూడా మెక్సికోలో వహాకా కొండల నుంచే, అక్కడ మసాటెక్ జనం రోగం కుదర్చడానికి రాత్రిపూట పూజలాగా చేసి వాడేవాళ్ళు, 1957లో ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం వచ్చాక విదేశీ కుర్రాళ్ళు గుంపులుగా దిగి ఆ కొండల ప్రశాంతత పోయింది. అదీ మబ్బులు దిగే కొండ ప్రాంతమే.

మరి ఎండు నేలలో ఏమీ మొలవవా అంటే మొలుస్తాయి, బోలెడు. రాజస్థాన్ ఎడారిలో వానలకి ఇసకలోంచి, చెదపుట్టల మీద నుంచి వచ్చేవాటిని ఖుంబీ అని ఏరుకుని లేతగా ఉన్నప్పుడే కూర చేసుకుంటారు, ముదిరితే లోపలంతా నల్ల పొడి అయిపోతుంది. వాటిల్లో మత్తూ లేదు, గిత్తూ లేదు. ఇంకోటి తెల్లగా, పెద్దగా, ముచ్చటైన గొడుగులా పచ్చికలో వస్తుంది, చూస్తే ఎవరికైనా తినాలనిపిస్తుంది, తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లోపు వాంతులూ విరేచనాలతో మనిషిని మంచానికి కట్టేస్తుంది. అయినా అది నయం. కొన్ని రకాల చిన్న గోధుమరంగు పుట్టగొడుగుల్లో లివర్‌ని తినేసే విషం ఉంటుంది, దాని దొంగతనం ఏంటంటే తిన్న వెంటనే ఏమీ కాదు, ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత వాంతులు మొదలవుతాయి, ఒకరోజుకి తగ్గినట్టే ఉంటుంది, హమ్మయ్య అనుకుని ఇంట్లోనే ఉండిపోతారు, మూడో రోజో నాలుగో రోజో లివర్ చేతులెత్తేస్తుంది. 2022 ఏప్రిల్లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది తేయాకు తోటల వాళ్ళు, మత్తు కోసం కాదు, కూర కోసం తిన్నవాళ్ళు. పుట్టగొడుగుల మీద చదువుకున్నవాళ్ళే ఈ చిన్న గోధుమరంగు రకాల్ని మైక్రోస్కోప్ కింద బీజాలు చూడకుండా తేల్చి చెప్పరు, మరి ఫోన్ యాప్ చూసేది ఒక ఫోటో.

మీ అవ్వని అడుగు ఒకసారి. ఆమెకి తెలిసింది ఒక్క రకమే ఉంటుంది, చెదపుట్ట మీద వచ్చేది. చెదలు లోపల ఆకుల చెత్తతో గూడు కట్టి ఆ శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి, వానకి అది పైకి వస్తుంది, అందుకే దాన్ని షెడ్డులో పెంచడం ఎవరికీ కుదర్లేదు. ఆ పుట్ట ఎక్కడుందో, ఏ కార్తెలో వస్తుందో ఆమెకి తెలుసు, మిగతావాటిని తొక్కుకుంటూ పోతుంది తప్ప వంగి చూడదు. మత్తు పుట్టగొడుగు సంగతి మీ ఊళ్ళో ఏ ముసలాయనకీ తెలీదు, అంటే నీకు నేర్పేవాడే లేడు, మీ ఫ్రెండ్సూ నీలాగే.

కేసు సంగతి కూడా విను. ఆ మత్తు పుట్టగొడుగుల్లో ఉండే మత్తు పదార్థం సైలోసిబిన్, అది 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్డీపీఎస్) షెడ్యూల్లో ఉంది. 2 గ్రాములు దాటకపోతే ఏడాది వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, రెండూ కూడా వేయొచ్చు, 50 దాటితే కనీసం పదేళ్ళు. 2025 జనవరిలో కేరళ హైకోర్టు ఒక బెయిల్ కేసులో పుట్టగొడుగు మొత్తం బరువు కాదు, అందులో ఉన్న సైలోసిబిన్ బరువే లెక్క అంది. దాన్ని పట్టుకుని "లీగల్ అయిపోయింది" అని రీల్స్ చేస్తున్నారు, కాలేదు.

ప్రశ్న: అరిజోనాలో ఎంఎస్ చేస్తున్నా. డిప్రెషన్‌కి మ్యాజిక్ మష్రూమ్స్ బాగా పనిచేస్తాయని చదివాను. ఇక్కడ మాన్‌సూన్‌లో క్యాంపస్ లాన్లలో పుట్టగొడుగులు కుప్పలుగా వస్తున్నాయి, రూమ్మేట్ ఏరుదామంటున్నాడు. (ఎస్.కె., టెంపీ)

జవాబు: అమ్మా, ఫీనిక్స్ చుట్టుపక్కల లాన్లలో వచ్చేది చాలావరకు నేను పైన చెప్పిన ఆ తెల్ల గొడుగే, అమెరికాలో పుట్టగొడుగు విషం కేసుల్లో అన్నిటికంటే ఎక్కువ దాని పుణ్యమే. ఎడారిలో స్ప్రింక్లర్ పెట్టిన పచ్చిక దానికి అత్తారిల్లు. డిప్రెషన్ మీద ట్రయల్స్ నిజమే, ఆస్ట్రేలియాలో 2023 జూలై 1 నుంచి అనుమతి ఉన్న సైకియాట్రిస్టులు మందులకి లొంగని డిప్రెషన్‌కి సైలోసిబిన్ రాయొచ్చు కూడా, కానీ అది కొలిచి ఇచ్చే మందు, పక్కన డాక్టర్లు కూర్చుంటారు, ముందు నీ ఇంటి చరిత్ర అంతా అడుగుతారు, ఎవరికైనా స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి మానసిక జబ్బులు ఉంటే సాధారణంగా ట్రయల్లోకి తీసుకోరు. ఇంకో ముఖ్యమైనది నీ వీసా. గంజాయి విషయంలో 30 గ్రాముల లోపు ఒక్కసారికి చిన్న మినహాయింపు ఉంది, దీనికి అది కూడా లేదు, డ్రగ్ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేయొచ్చు. మీ యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్లో అపాయింట్‌మెంట్ తీసుకో, ఈ వారమే. అన్నట్టు మాన్‌సూన్‌లో అక్కడ బయటికొచ్చే పెద్ద కప్పని కూడా మత్తు వస్తుందని ఎవరో నాకమంటారు, 2022లో అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళే దయచేసి కప్పల్ని నాకకండి అని పోస్టు పెట్టాల్సి వచ్చింది, రూమ్మేట్‌కి చూపించు.

ప్రశ్న: పుట్టకొక్కులు వండేటప్పుడు వెండి చెంచా ఏస్తే నల్లగైతే విషం, గాకుంటే మంచియి అంటరు. నమ్మొచ్చా? మా పిల్లలు చేన్ల కాడికెళ్ళి తెస్తున్నరు. (ఒక తల్లి, మహబూబ్‌నగర్ జిల్లా)

జవాబు: వద్దమ్మా, నమ్మొద్దు. ప్రాణం తీసే రకాలకి కూడా చెంచా తెల్లగానే ఉంటుంది, ఉడికించినా, ఎండబెట్టినా, చింతపండు వేసినా ఆ లివర్ విషం పోదు. పురుగులు తిన్నాయి కాబట్టి మనమూ తినొచ్చు అనేది కూడా అబద్ధమే. పిల్లలు తెచ్చినవి మీ అత్తగారికో, ఏటేటా తెచ్చే పెద్దవాళ్ళకో చూపించండి, వాళ్ళు ఒక్క క్షణం తటపటాయించినా పారేయండి. ఎవరైనా తిని వాంతులైతే తగ్గేదాకా చూద్దాం అనుకోవద్దు, 108కి ఫోన్ చేయండి, మిగిలిన ముక్కలు ప్లాస్టిక్‌లో కాకుండా కాయితంలో చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఎన్ని గంటలకి తిన్నారో డాక్టరుకి చెప్పండి, అదే కూర తిన్న మిగతావాళ్ళని కూడా వెంట తీసుకెళ్ళండి, బాగానే ఉన్నా సరే.