ఫోన్ పాతబడిందా, బ్యాటరీ పాతబడిందా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే దాని చుట్టూ తిరిగాయి: ఉన్న ఫోన్ ఉంచాలా, మార్చాలా? అందుకే దానితోనే మొదలుపెడదాం. ఇక "ఏ ఫోన్ కొనమంటారు?" అని ఒక్క ముక్కలో అడిగినవాళ్లు, దానితో మీరు రోజూ ఏం చేస్తారో కూడా రాయండి. అది తెలియకుండా ఎవరు ఏ పేరు చెప్పినా గాలిలో రాయి వేయడమే.

ప్రశ్న: నా ఫోన్ కొని నాలుగేళ్లు దాటింది. ఈమధ్య ఏది నొక్కినా తెరుచుకోవడానికి బాగా టైమ్ తీసుకుంటోంది, సాయంత్రానికల్లా ఛార్జింగ్ అయిపోతోంది. మా అబ్బాయేమో "కంపెనీలే పాత ఫోన్లని కావాలని స్లో చేస్తాయి నాన్నా, కొత్తది కొనేయండి" అంటున్నాడు. నిజమేనా?

మీవాడు అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు, కానీ అసలు సంగతి వేరే. 2017లో ఐఫోన్లని నడిపించే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌కి వచ్చిన 10.2.1 అప్‌డేట్ తర్వాత కొన్ని పాత ఐఫోన్లు నెమ్మదించాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో యాపిల్ కంపెనీయే అవును, అలా చేశాం అని ఒప్పుకుంది. కారణం ఏం చెప్పిందంటే, బ్యాటరీ పాతబడ్డాక ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ అడిగితే అది ఇవ్వలేకపోతుంది, ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది, అలా ఆగకుండా వేగం తగ్గించాం అని. కారణం సరైనదే, జనానికి కోపం వచ్చింది ముందుగా చెప్పనందుకు. ఆ గొడవ తర్వాతే 2018లో ఐఫోన్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ కనపడటం మొదలైంది. ఇందులో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది: ఆ ఫోన్లలో బ్యాటరీ మారిస్తే చాలు, పాత వేగం తిరిగి వచ్చేది.

మీరు రాసిన రెండు లక్షణాలూ కలిపి చూస్తే నాకు మొదటి అనుమానం బ్యాటరీ మీదే. నాలుగేళ్లు రోజూ వాడితే ఏ ఫోన్ బ్యాటరీ అయినా నీరసపడుతుంది. రెండో అనుమానం స్టోరేజ్ మీద. ఫోన్లో ఉండే మెమరీ చిప్ కొత్త డేటా రాయాలంటే దానికి ఖాళీ జాగా కావాలి, నిండిపోయే కొద్దీ ఉన్నది సర్దుకుంటూ రాయాల్సి వస్తుంది, అప్పుడే ఫోన్ హ్యాంగ్ అవుతున్నట్టు అనిపిస్తుంది. కనీసం పది పదిహేను శాతం ఖాళీ ఉంచండి. ఆ జాగా అంతా ఎవరు తింటున్నారో వెతకక్కర్లేదు, ఫ్యామిలీ గ్రూపుల్లో రోజూ వచ్చే శుభోదయం వీడియోలే సగం కారణం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో "మేనేజ్ స్టోరేజ్" అని ఉంటుంది, పెద్ద ఫైళ్లు, పదే పదే ఫార్వర్డ్ అయినవి అక్కడ విడిగా కనపడతాయి, ఒకసారి కూర్చుని తీసేయండి. అక్కడే ఫోటోలు, వీడియోలు వాటంతట అవే డౌన్‌లోడ్ కాకుండా ఆపేయండి.

ఈ శుభ్రం చేసి, ఒకసారి ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసి చూశాక కూడా అలాగే ఉంటే బ్యాటరీ మార్పించండి. అయితే మార్పించే ముందు ఇంకొకటి చూడాలి. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల దగ్గర సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది. అది ఏడాది పైగా పాతదై, కొత్త అప్‌డేట్లు కూడా రావడం లేదంటే, అదే ఫోన్‌తో మీరు డబ్బు లావాదేవీలు చేస్తుంటే, అప్పుడు మాత్రం మీ అబ్బాయి మాట వినండి. అప్‌డేట్లు వస్తున్నాయంటే బ్యాటరీతో సరిపెట్టుకుని ఇంకో రెండేళ్లు నడిపించొచ్చు, నా ఓటు దానికే.

ప్రశ్న: ఛార్జింగ్ గురించి తలా ఒక మాట చెబుతున్నారు. పూర్తిగా అయిపోయాకే పెట్టాలని ఒకరు, 80 దాటకూడదని ఇంకొకరు, రాత్రంతా పెడితే పేలుతుందని మరొకరు. వేరే కంపెనీ ఛార్జర్ వాడితే పాడవుతుందా? చదివి చదివి టెన్షన్ వస్తోంది.

టెన్షన్ పడాల్సింది ఒక్క వేడి గురించే, మిగతావన్నీ దాని తర్వాతే.

పూర్తిగా అయిపోయాకే పెట్టాలన్న మాట నికెల్-క్యాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. పూర్తిగా అయిపోకముందే పెడుతూ ఉంటే సామర్థ్యం తగ్గే జబ్బు వాటికి ఉండేది. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం-అయాన్ బ్యాటరీకి అది లేదు, పైగా సున్నాకి దింపడమే దానికి ఇబ్బంది. ఇరవై, ముప్పై శాతం దగ్గర పెట్టేయండి. మధ్యమధ్యలో కాసేపు పెట్టి తీస్తే జీవితం తగ్గుతుందన్నదీ అపోహే. ఇవాళ సగం, రేపు సగం ఎక్కిస్తే రెండూ కలిపి ఒక సైకిల్, అంటే ఒక పూర్తి ఛార్జ్ కింద లెక్క.

ఈ సైకిళ్ల లెక్క తెలిసి ఉంటే మంచిది. ఐఫోన్ 14 వరకు వచ్చిన మోడళ్లలో 500 సైకిళ్లకి బ్యాటరీ సామర్థ్యం 80 శాతం మిగిలేలా తయారు చేశామని యాపిల్ చెబుతుంది, ఐఫోన్ 15 నుంచి అది 1000 అయింది. యూరోపియన్ యూనియన్ అయితే 2025 జూన్ నుంచి అక్కడ కొత్తగా అమ్మకానికి వచ్చే స్మార్ట్‌ఫోన్లకి 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం ఉండాలని రూలే పెట్టింది. అంటే రోజుకి ఒక సైకిల్ చొప్పున వాడేవాళ్లకి ఫోన్‌ని బట్టి సుమారు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల దాకా పెద్ద తేడా తెలియకూడదు. ఏడాదికే సగానికి పడిపోయిందంటే ఏదో తేడా ఉందని.

రాత్రంతా పెట్టడం వల్ల పేలదు, నిండగానే ఫోనే తీసుకోవడం ఆపేస్తుంది. కాకపోతే వంద దగ్గర గంటల తరబడి ఉండటం లిథియం బ్యాటరీకి అంత మంచిది కాదు. అందుకే ఇప్పుడు చాలా ఫోన్లలో 80 దగ్గర ఆగే ఆప్షనో, మీరు లేచే టైముకి నిండేలా నెమ్మదిగా ఎక్కించే ఆప్షనో ఇస్తున్నారు, ఒకసారి ఆన్ చేసి మర్చిపోండి. అది లేకపోతే 80 కాగానే లేచి ప్లగ్ పీకడం మాత్రం నేను చెప్పను, నిద్ర కంటే బ్యాటరీ ఎక్కువేం కాదు. దిండు కింద, దుప్పటి మీద పెట్టి ఛార్జ్ చేయడం, ఛార్జింగ్‌లో ఉండగా గేమ్ ఆడటం, ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డ్ మీద వదిలేయడం, బ్యాటరీని తినేసేవి ఇవి. ఛార్జింగ్ పెట్టినప్పుడు ఫోన్ బాగా వేడెక్కుతుంటే పౌచ్ తీసి పెట్టండి.

ఛార్జర్ సంగతి. ఎన్ని వాట్లదైనా ఫోన్ తనకి కావాల్సినంతే తీసుకుంటుంది, కాబట్టి పెద్ద ఛార్జర్ పెడితే కాలిపోతుందన్న భయం అక్కర్లేదు. కాకపోతే కొన్ని కంపెనీలకి సొంత ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి ఉంటుంది, వేరే ఛార్జర్‌తో అది మామూలు వేగంతోనే ఎక్కుతుంది, అంతే. భయపడాల్సింది పేరూ ఊరూ లేని చవక ఛార్జర్ గురించి.

ఒక్క హెచ్చరిక. వెనక మూత పైకి లేస్తున్నా, స్క్రీన్ అంచు దగ్గర సందు కనపడుతున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఇక ఛార్జ్ చేయొద్దు, నొక్కి సరిచేయాలని చూడొద్దు, గుచ్చడం అసలే వద్దు. ఆఫ్ చేసి సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లండి.

ప్రశ్న: 200 మెగాపిక్సెల్ కెమెరా ఉన్న ఫోన్ కొన్నాను. మా చెల్లెలి 50 మెగాపిక్సెల్ ఫోనే రాత్రిపూట బాగా తీస్తోంది. మోసపోయానా?

మోసం అనలేం, కానీ డబ్బా మీద అంకె చూసి కొన్నారు. 200 మెగాపిక్సెల్ సెన్సర్ మామూలుగా పక్కపక్కన ఉన్న పదహారు పిక్సెళ్లని కలిపి ఒకటిగా చేస్తుంది, కాబట్టి మీకు చేతికొచ్చే ఫోటో 12.5 మెగాపిక్సెళ్లే. 50 దాంట్లో నాలుగు కలిసి ఒకటవుతాయి, అదీ 12.5 దగ్గరే తేలుతుంది! రాత్రిపూట తేడా వచ్చేది సెన్సర్ సైజు, లెన్స్, చేయి వణికినా బొమ్మ చెదరకుండా చూసే ఓఐఎస్, ఆపైన ఫోటోని సరిదిద్దే సాఫ్ట్‌వేర్ వల్ల. సెన్సర్ సైజు 1/1.3 అంగుళం, 1/2.7 అంగుళం ఇలా రాస్తారు, కింది అంకె చిన్నదైతే సెన్సర్ పెద్దదని. వెనకాల నాలుగు కెమెరాలున్నాయని మురిసిపోయే ముందు అందులో 2 మెగాపిక్సెల్ మాక్రో (బాగా దగ్గరి వస్తువులు తీసేది), డెప్త్ (దూరం అంచనా వేసేది) అనేవి ఎన్నున్నాయో చూడండి, అవి లెక్క నింపడానికి పెట్టినవే. ఈసారి కొనేటప్పుడు తక్కువ వెలుతురులో కదులుతున్న పిల్లల్ని ఒక ఫోటో తీసి చూడండి, అంతకు మించిన పరీక్ష లేదు. ఈలోగా లెన్స్ మీద వేలిముద్రలు తుడిచి కూడా ఒకసారి తీయండి, వెటకారం కాదు, మసక ఫోటోల ఫిర్యాదుల్లో చాలావాటికి మందు అదే.

ప్రశ్న: ఐపీ68 అని రాసి ఉంటే ఫోన్‌తో ఈత కొట్టొచ్చా? నీళ్లలో పడితే బియ్యంలో పెట్టాలా?

కొట్టొద్దు. ఐపీ68లో 6 అంటే దుమ్ము లోపలికి పోదని, 8 అంటే మీటరు కంటే లోతు నీళ్లలో కంపెనీ చెప్పినంత సేపు ఆగుతుందని. ఆ పరీక్ష చేసేది ల్యాబ్‌లో, కదలని మంచినీళ్లలో. సబ్బు నీళ్లు, ఉప్పు నీళ్లు, స్విమ్మింగ్ పూల్ క్లోరిన్ వేరే లెక్క. పైగా లోపలి రబ్బరు సీళ్లు వయసుతో పాటు, ఫోన్ కిందపడిన ప్రతిసారీ, మూత విప్పిన ప్రతిసారీ బలహీనపడతాయి. నీళ్లు పోయి పాడైతే మామూలు వారంటీ చాలావరకు వర్తించదు, ఆ చిన్న అక్షరాలు చదవండి.

బియ్యం వద్దు. 2024లో యాపిల్ తన సహాయ పేజీలోనే ఈ మాట రాసింది, బియ్యపు నూక, పొడి లోపలికి పోయి ఇంకో సమస్య తెస్తాయని. వెంటనే ఆఫ్ చేయండి, ఛార్జింగ్ పోర్ట్ కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టండి, గాలి తగిలే చోట వదిలేయండి. హెయిర్ డ్రయర్ వేడి వద్దు. ఆన్ అవుతుందో లేదో చూద్దామని గంటకోసారి నొక్కడం, తడి పోర్ట్‌లో ఛార్జర్ పెట్టడం, ఫోన్లు చచ్చేది నీళ్ల కంటే ఎక్కువగా ఈ ఆత్రంతోనే.

ప్రశ్న: ర్యామ్ క్లీనర్ యాప్ మంచిది ఏది? వర్చువల్ ర్యామ్ పెంచుకుంటే ఫోన్ స్పీడ్ అవుతుందా?

క్లీనర్ ఏదీ మంచిది కాదు, ఉన్నది తీసేయండి. ఏ యాప్‌ని ర్యామ్‌లో, అంటే తెరిచిన యాప్‌లు నడిచే మెమరీలో, ఉంచాలో ఫోన్‌కే తెలుసు. క్లీనర్‌తో మూసేసిన యాప్‌ని మళ్లీ మొదటి నుంచి తెరవడానికి ఇంకాస్త ఛార్జింగ్ ఖర్చవుతుంది, అంతకు మించి ఒరిగేదేమీ లేదు. వర్చువల్ ర్యామ్ అంటే స్టోరేజ్‌లో కొంత జాగాని ర్యామ్‌గా వాడుకోవడం. స్టోరేజ్ అసలు ర్యామ్ కంటే చాలా నెమ్మది. "8+8 ర్యామ్" అని రాస్తే 8 అనే చదువుకోండి.

ప్రశ్న: డెబ్బై దాటిన అమ్మకి ఫోన్ కొనాలి. అన్నయ్య 12 జీబీ ర్యామ్ ఉన్నదే కొనాలంటాడు, నేను చవకది చాలంటాను. మీరే తీర్పు చెప్పండి.

తీర్పు ఇద్దరికీ వ్యతిరేకంగానే. అమ్మకి 12 జీబీ పని లేదు, కానీ మరీ చవకది కొంటే రెండేళ్లకే అప్‌డేట్లు ఆగిపోవచ్చు. మోసగాళ్లు ఎక్కువగా గురిపెట్టేది పెద్దవాళ్లనే, వాళ్ల ఫోన్‌కే రక్షణ లేకపోతే ఎలా? అప్‌డేట్లు ఎన్నేళ్లో ముందు అడగండి. గూగుల్ పిక్సెల్ 8, శాంసంగ్ గెలాక్సీ ఎస్24 నుంచి పెద్ద మోడళ్లకి ఏడేళ్ల మాట ఇచ్చారు, తక్కువ ధరవాటికి ఎన్నేళ్లన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. ఇంకో మెలిక ఏమిటంటే ఈ ఏళ్లు లెక్కపెట్టేది ఆ మోడల్ విడుదలైనప్పటి నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. రెండేళ్ల పాత మోడల్ తగ్గింపులో వస్తే ఆ రెండేళ్లు అప్పటికే పోయినట్టే.

ఆ తర్వాత చూడాల్సినవి స్క్రీన్ ఎండలో కనపడుతుందా, స్పీకర్ గట్టిగా ఉందా, ఫోన్ బరువు చేతికి సరిపోతుందా అని. వీలైతే అమ్మనే తీసుకెళ్లి పట్టుకోమనండి. మీ ఇద్దరిలో ఎవరు ఎక్కువగా ఆవిడకి సాయం చేస్తారో వాళ్ల ఫోన్ ఏ కంపెనీదో అదే కొంటే ఇంకా మేలు, "ఆ గుండ్రంది కనపడటం లేదే" అని అమ్మ ఫోన్ చేసినప్పుడు మీది తెరిచి చూసి చెప్పొచ్చు. కొన్న రోజే అక్షరాలు పెద్దవి చేయండి, అప్‌డేట్లు వాటంతట అవే పడేలా పెట్టండి. ఎవరో చెప్పారని స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోవద్దని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటే ఏం చూడాలి?

ముందు లాక్ చూడాలి. పాత యజమాని అకౌంట్ తీయకుండా రీసెట్ చేసిన ఫోన్ మళ్లీ ఆ పాస్‌వర్డే అడుగుతుంది, ఐఫోన్లలో 2013 నుంచి, ఆండ్రాయిడ్‌లో 5.1 వెర్షన్ నుంచి ఈ కట్టడి ఉంది. అమ్మేవాళ్ల చేత మీ ముందే అకౌంట్ తీయించి రీసెట్ చేయించండి, హోమ్ స్క్రీన్ వచ్చేదాకా సెటప్ చేసి చూసుకున్నాకే డబ్బు చేతికివ్వండి. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) బిల్లు మీది, డబ్బా మీది ఒకటేనా చూడండి. సిమ్ వేసి ఒక కాల్ మాట్లాడండి, తెల్లటి బొమ్మ ఒకటి తెరిచి స్క్రీన్ మీద మరకలున్నాయేమో చూడండి, అప్‌డేట్ తేదీ మర్చిపోవద్దు. బిల్లు లేదన్నా, తొందర పెట్టినా వచ్చేయండి.

ప్రశ్న: గొరిల్లా గ్లాస్ ఉన్నప్పుడు స్క్రీన్ గార్డ్ ఎందుకు?

పగలడం వేరు, గీతలు వేరు. గాజు ఎంత గట్టిదైనా ఇసుకలో ఉండే క్వార్ట్జ్ దానికంటే గట్టిది, జేబులో రెండు రేణువులుంటే గీత పడుతుంది. గార్డ్ వేసుకోండి, దానికి బీట పడితే వెంటనే మార్చండి. స్క్రీన్ లోపలే వేలిముద్ర చదివే ఫోన్ అయితే దానికి సరిపోయే గార్డో కాదో అడిగి కొనండి, వేశాక వేలిముద్ర మళ్లీ రిజిస్టర్ చేయండి.