ఫోర్టేలన్నీ ఒక్క దెబ్బకి తగ్గాలంటే

నవంబరు వచ్చిందంటే కావలి, కందుకూరు, ఒంగోలు చర్చి క్వయర్ల (పాట బృందాల) నుంచి నాకు ఒకటే గోడు. నెల్లూరులో బాప్టిస్టు మిషన్ మొదలైంది 1840లో, నాలుగు గొంతుల పాట మనకేం కొత్త కాదు. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికే చిక్కంతా. ఫోర్టే అంటే గట్టిగా పాడమని, పియానో అంటే మెత్తగా పాడమని నొటేషన్‌లో వేసే గుర్తులు. ఈసారి కావలి మాస్టారు ఒకాయన రాసింది ఇదీ:

"క్రిస్మస్‌కి 14 పాటలు సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్‌లకి నొటేషన్ రాశానండీ. హాల్లో పాడిస్తే ఫోర్టే ఉన్న ప్రతిచోటా అరుపే. గుర్తులన్నీ ఒక మెట్టు తగ్గించాలి. ఒక్కొక్కటే నొక్కి మారుస్తుంటే మూడు రాత్రులకి నాలుగు పాటలయ్యాయి. సాఫ్ట్‌వేర్ మా తమ్ముడి స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయమన్నాడు, అలాగే చేశాను."

మాస్టారూ, ఫోర్టే సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆ ఆఖరి మాట. వేలు పోసి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ ఊరికే ఇచ్చినవాడు యాంటీవైరస్ ఎందుకు ఆపమంటాడు? దాంతోపాటు వచ్చే దొంగ ప్రోగ్రామ్ పట్టుబడకుండా. అది బ్రౌజర్‌లో మీరు దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు మూటగట్టి ఎవడికో పంపుతుంది. కుకీ పోయిందంటే వాడు మీ మెయిల్‌లోకి వచ్చేటప్పుడు పాస్‌వర్డూ అడగదు, ఓటీపీ కూడా రాదు. మీరు లోపలే ఉన్నారనుకుంటుంది అవతలి సైటు. అదే ల్యాప్‌టాప్‌లో సంఘం కానుకల లెక్కలు, బ్యాంకు లాగిన్ ఉన్నాయంటే ఇక చెప్పేదేముంది?

కాబట్టి ఆ ల్యాప్‌టాప్‌కి ముందు నెట్ తీసేయండి. పాటలన్నీ మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్‌గా (ఒక నొటేషన్ సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పాటలు తీసుకెళ్లే ఫైల్ రకం) ఎగుమతి చేసి పెట్టుకోండి. వేరే ఫోన్లోంచి పాస్‌వర్డ్‌లు మార్చి, "అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్" నొక్కండి. తర్వాత విండోస్ కొత్తగా వేయించండి. "స్కాన్ చేశానండీ, ఏం రాలేదు" అని మాత్రం రాయకండి. ఆపేసిన కాపలావాడిని మళ్లీ లేపి దొంగ వచ్చాడా అని అడిగినట్టుంటుంది. డబ్బే పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక పాటలు. మ్యూస్‌స్కోర్ అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మీ పనికి చాలినంత ఉంది. మీ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు అందులో తెరుచుకుంటాయి. ఒక గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్‌లో 'మోర్'కి వెళ్లి, 'సేమ్ సబ్‌టైప్' (అదే ఉపరకం) అన్నదానికి టిక్ పెడితే పాటలో ఆ రకం గుర్తులన్నీ ఒకేసారి ఎంపికవుతాయి. అప్పుడు పాలెట్‌లో, అంటే పక్కనుండే గుర్తుల పెట్టెలో, కావలసిన గుర్తు నొక్కితే సరి. ఇంత అవసరమైన పనిని మూడో మెనూ అడుగున దాచినవాళ్లు క్వయర్ ముఖం చూసి ఉండరు.

మెట్టు దించేటప్పుడు వరస ముఖ్యం. మెత్తనిదాని నుంచి గట్టిదాకా మెట్లు ఇవీ: పియానిస్సిమో, పియానో, మెజ్జో పియానో, మెజ్జో ఫోర్టే, ఫోర్టే. మెత్తని కొస నుంచి మొదలుపెట్టాలి. ముందు పియానోలని పియానిస్సిమో చేయండి, తర్వాత మెజ్జో పియానోలని పియానో, ఆపైన మెజ్జో ఫోర్టేలు, చివరికి ఫోర్టేలు. పైనుంచి వచ్చారో, ఇప్పుడే దించిన ఫోర్టే మెజ్జో ఫోర్టేల గుంపులో కలిసిపోయి ఇంకో మెట్టు జారుతుంది. చివరికి పాటంతా గుసగుసే. స్ఫోర్జాండోల జోలికి పోకండి, అవి ఆ ఒక్క స్వరాన్ని నొక్కడానికి.

ఇంత చేశాక కూడా కొన్ని ఫోర్టేలు మొండికేస్తే తప్పు మీదే. టెక్స్ట్ టూల్‌తో ఇటాలిక్ 'ఎఫ్' టైప్ చేసి ఉంటారు. కాగితం మీద తేడా తెలీదు. కంప్యూటర్‌కి మాత్రం అది ఫోర్టే కాదు, ఒట్టి అక్షరం. ప్లే చేసి చూడండి, అక్కడ శబ్దం పెరగదు.

"నోట్‌ప్యాడ్‌లో ఎక్స్‌ఎంఎల్ తెరిచి ఫైండ్-రీప్లేస్ కొడితే పోదా" అని ఒంగోలు కుర్రాడొకడు అడిగాడు. పోతుంది, సగం. ఆ ఫైల్‌లో కనిపించే గుర్తు ఒకచోట, వినిపించే జోరు ఇంకోచోట ఉండొచ్చు. ఆ జోరు అంకె, మిడి (కంప్యూటర్‌కి స్వరాలు చెప్పే పద్ధతి) వెలాసిటీ, అంటే స్వరం జోరు, 90ని నూరు శాతంగా లెక్కగట్టిన శాతం. గుర్తు మార్చి అంకె వదిలేస్తే పేజీ మీద పియానో, స్పీకర్లో ఫోర్టే. మ్యూస్‌స్కోర్ 3లో మామూలుగా వెలాసిటీ పియానోకి 49, మెజ్జో ఫోర్టేకి 80, ఫోర్టేకి 96 ఉంటాయి, మిడిలో పైహద్దు 127. కాగితం అలాగే ఉంచి వినడానికి మాత్రం తగ్గించాలంటే ఈ అంకెలే మార్చాలి.

అన్నట్టు, డిసెంబరు మొదటి వారంలో "కొత్త వెర్షన్ సిద్ధం" అని తెర మీద ఎగిరే డబ్బా గురించి. నొక్కకండి. కొత్తదాంట్లో ఒక్కసారి సేవ్ చేస్తే, పాతది వాడుతున్న మీ ఆర్గనిస్టు ల్యాప్‌టాప్‌లో ఆ ఫైల్ తెరుచుకోకపోవచ్చు. పండగ ముందు వారం అప్‌డేట్ తోసేవాళ్లు రిహార్సల్ అనే మాట విన్నారా అని నా అనుమానం. 1988 నుంచి నడిచిన ఫినాలే అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌కే 2024 ఆగస్టులో అభివృద్ధి ఆపేస్తున్నామని ప్రకటించారు. అందుకే ఎక్స్‌ఎంఎల్ కాపీ ఒకటి, పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకోండి. ఆ తమ్ముడి స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లో కాదు, కొత్తది కొని.