కథ కోసం పుట్టించిన భాష బాగుందో లేదో తేల్చేదెలా?

ప్రశ్న: శేషాచలం అడవుల్లో బతికే ఒక కల్పిత తెగ మీద నవల రాస్తున్నాను. వాళ్ల భాషకు 120 మాటలు చేసుకున్నాను. 'ఓమి కెలగి మిరుత్ జేలిమి' అంటే 'నేను చెట్టుకు నీళ్లు పోశాను'. 'మిరు' నీరు, 'త్' బహువచనం, 'గి' అంటే 'కు'. ఇది భాష అనిపించుకుంటుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: శబ్దాలు బాగా కుదిరాయి. ఒత్తులూ మహాప్రాణాలూ లేవు, నాలుగు మాటలూ ఒకే నోటి నుంచి వచ్చినట్టున్నాయి. చిక్కంతా లోపల ఉంది. ఇది మాటలు మార్చిన తెలుగు వాక్యం. 'మిరు'కు బహువచనం ఎందుకొచ్చింది? మనం 'నీళ్లు వచ్చాయి' అంటాం కాబట్టి. మీ తెగకు ఆ అలవాటు ఉండాలనేముంది? ఆ 'త్' తీసేయండి.

తర్వాత 'జేలి'ని పరీక్షించండి. మనం చెట్టుకు నీళ్లు పోస్తాం, పెనం మీద దోసె పోస్తాం, తలకు పోసుకుంటాం. ఈ మూడు చోట్లా 'జేలి' సరిపోతోందంటే అది ముసుగేసుకున్న 'పోయు'. దోసెకు వేరే మాట పెట్టి, తలకు పోసుకోవడాన్ని వాన కురవడంతో కలిపి చూడండి, అప్పుడు ఆ మనుషుల చూపు బయటపడుతుంది. పట్టు, కొట్టు, పెట్టు, వేయు, తీయు అనే క్రియలకు ఈ పని తప్పకుండా చేయాలి. చేపలు పట్టడం, జలుబు పట్టడం, గంట పట్టడం ఒకే మాటతో నడిచేది మనకు. వాళ్లకూ అలాగే నడిస్తే అనుమానించాల్సిందే. నిఘంటువు ఎంత లావుగా ఉన్నా ఇక్కడ తప్పితే భాష నిలవదు.

శబ్దాల కట్టు తెలియాలంటే 20 మాటలు స్నేహితురాలికి చదివి వినిపించండి. ఆ తర్వాత మీ పద్ధతిలో పుట్టిన కొత్త మాటలు 10, కావాలని తప్పుగా చేసినవి 5 కలిపి ఇవ్వండి. ఆ అయిదింటినీ ఆమె ఏరగలిగితే కట్టు ఉన్నట్టే.

మాటలు కలిసేచోట మార్పు కూడా ఉండాలి. కూర, కాయలు కలిస్తే కూరగాయలు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. 'అవతార్' సినిమా కోసం పాల్ ఫ్రోమర్ చేసిన నావి భాషలో 'తుతె' అంటే మనిషి, బహువచనం 'సుతె'. అక్కడ మాట మొదట్లోని 'త' 'స' కావడం ఒక్క మాటకు పెట్టిన ముచ్చట కాదు, భాషంతా వర్తించే నియమం. మొదటి అధ్యాయంలో పెట్టిన నియమం తొమ్మిదో అధ్యాయంలో మరిచిపోవడం మామూలుగా జరిగే తప్పు, అందుకే నోటుపుస్తకం పక్కనే ఉంచుకోండి.

కొండ మీది పల్లెకూ కింది పల్లెకూ యాస తేడా చూపాలంటే మన చిత్తూరు వైపు మాటలే వినండి. అక్కడ, ఇక్కడ, ఎక్కడ అనేవి ఆడ, ఈడ, యాడ అవుతాయి. 'క్క' జారిపోయి ముందు అచ్చు సాగింది, మూడింటిలోనూ ఒకే తీరు; 'ఏడ' మాత్రం పలుకులో 'యాడ' అయింది. అలాంటి మార్పు ఒక్కటి చాలు.

ప్రశ్న: 'స్టార్ ట్రెక్' కథల కోసం పుట్టించిన క్లింగాన్ లాంటి భాషలు వినడానికే కష్టం. కష్టంగా ఉంటే గొప్పవేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: కాదండీ. ఆ భాషను చేసిన మార్క్ ఒక్రాండ్ క్లింగాన్‌లో కర్మను ముందు, క్రియను మధ్యలో, కర్తను చివర పెట్టారు. 'పాముని చంపింది ముంగిస' అన్నట్టు. మనకు 'ని' ఉంది కాబట్టి వరస మారినా అర్థం చెడదు. క్లింగాన్‌లో కర్మకు అలాంటి ప్రత్యయం లేదు, కాబట్టి వరసను గట్టిగా పట్టుకోవాలి. ఆ మెలికకు తగ్గట్టు మిగతా వ్యాకరణాన్ని బిగించడంలోనే ఆయన పనితనం ఉంది. వింత వరస మాత్రమే ఎరువు తెచ్చుకుని, ఎవరు ఎవరిని చంపారో తెలిపే దారి లేకుండా వదిలేసే రచయితలున్నారు. ప్రత్యయమైనా ఉండాలి, వరసైనా స్థిరంగా ఉండాలి. రెండూ లేకపోతే పాము చచ్చిందో ముంగిస చచ్చిందో పాఠకుడికి తెలియదు.