మోరియార్టీని ఎవరు చూశారు?

తమ్ముడికి,

నీ స్క్రిప్టు పూర్తిగా చదివాను. షెర్లాక్ హోమ్స్‌ని ఈ కాలపు లండన్‌లో పెట్టడం, వాట్సన్‌ని రాత్రి షిఫ్టుల్లో అంబులెన్స్ మీద పనిచేసే మనిషిగా మార్చడం రెండూ నచ్చాయి. హోమ్స్ మాటల్లో చురుకు ఉంది. కానీ హోమ్స్ శత్రువు మోరియార్టీ అడుగుపెట్టిన దగ్గర్నుంచి కథ నీ చేతిలోంచి జారిపోయింది. పెద్ద టెక్ కంపెనీ ఓనరు, నల్ల సూటు, గాజు గోడల ఆఫీసు, ఊళ్లో ఉన్న కెమెరాలన్నీ అతని గుప్పిట్లో. ఇలాంటివాణ్ణి మనం చాలాసార్లు చూశాం. పేరు మార్చేస్తే ఏ స్పై సినిమాలోనైనా ఇమిడిపోతాడు. "అన్నా, విలన్ ఇంకా పవర్‌ఫుల్‌గా అనిపించాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగావు. ఇప్పటికే పవర్ ఎక్కువైంది. అతనికి నీ హోమ్స్‌తోనే పని ఎందుకు పడిందో నీ స్క్రిప్టులో ఎక్కడా లేదు.

సినిమాలు పక్కనపెట్టి ముందు హోమ్స్‌ని పుట్టించిన డాయిల్ దగ్గరికి వెళ్దాం. హోమ్స్ మీద ఆయన రాసినవి 4 నవలలు, 56 కథలు. అందులో మోరియార్టీ మనిషిగా కనిపించేది ఒకే ఒక్క కథలో, 1893 డిసెంబర్ స్ట్రాండ్ మ్యాగజైన్‌లో వచ్చిన 'ద ఫైనల్ ప్రాబ్లమ్'లో. తర్వాత 'ద వ్యాలీ ఆఫ్ ఫియర్' నవలలో తెర వెనక ఉంటాడు. ఇంకొన్ని కథల్లో పేరు వినబడుతుంది, అంతే. హోమ్స్‌తో విసిగిపోయిన డాయిల్‌కి వాణ్ణి చంపే యోగ్యత ఉన్న శత్రువు ఒకడు కావలసివచ్చింది. అంతకుముందు కథల్లో ఏ సూచనా లేకుండా, గణితం ప్రొఫెసర్ ఒకడు ఊడిపడి పదిహేను ఇరవై పేజీల్లో జలపాతంలో పడిపోతాడు. పాత్రగా కాదు, పనిముట్టుగా పుట్టాడు మోరియార్టీ. ఇన్నేళ్లుగా సినిమావాళ్లు అతన్ని వదలకపోవడం చూస్తే డాయిలే ఆశ్చర్యపోయేవాడు.

ఇప్పుడా కథని మళ్లీ ఒక్క ప్రశ్నతో చదువు. మోరియార్టీని ఎవరు చూశారు?

వాట్సన్ చూడలేదు. సరిగ్గా చూడలేదు. విక్టోరియా స్టేషన్లో రైలు కదులుతుంటే, జనాన్ని తోసుకుంటూ చెయ్యి ఊపుతున్న పొడుగాటి మనిషి ఒకడు కనిపిస్తాడు. స్విట్జర్లాండ్‌లో రైకెన్‌బాక్ జలపాతం దగ్గర్నుంచి కిందికి దిగుతున్నప్పుడు, పచ్చటి కొండ మీద వేగంగా నడిచిపోతున్న నల్లటి ఆకారం ఒకటి కనిపిస్తుంది. అంతే. ఎత్తైన నుదురు, లోతుకుపోయిన కళ్లు, పాములా అటూ ఇటూ మెల్లగా ఊగే తల, ఇదంతా హోమ్స్ చెప్పిన వర్ణన. ప్రొఫెసర్ బేకర్ స్ట్రీట్‌లోని హోమ్స్ ఇంటికి వచ్చి బెదిరించిపోయాడన్నదీ హోమ్స్ చెప్పిందే. లండన్ నేరాల్లో సగం ఇతను నడిపిస్తున్నవే అన్నదీ అతను చెప్పిందే. చివరికి జలపాతం అంచు మీద హోమ్స్‌కీ అతనికీ జరిగిన కుస్తీని కూడా వాట్సన్ చూడలేదు. ఎవరో ఇంగ్లీషు ఆవిడ చావుబతుకుల్లో ఉందని దొంగ ఉత్తరం రాసి అతన్ని హోటల్‌కి పంపేశారు. తిరిగొచ్చేసరికి ఊతకర్ర, వెండి సిగరెట్ కేసు, దాని కింద ఒక ఉత్తరం. కొండ మీద ఏం జరిగిందో మనకి తెలిసేది హోమ్స్ బతికి తిరిగొచ్చే కథ 'ద ఎంప్టీ హౌస్'లో, అదీ హోమ్స్ నోటివెంటే.

పుస్తకంలో మోరియార్టీ అంటే హోమ్స్ ఇచ్చిన వాంగ్మూలం. సాక్షి ఒక్కడే, ఆ సాక్షి మీదే మన నమ్మకం. పుస్తకంలో ఇది సాగుతుంది. కెమెరా ముందు సాగదు. మనిషి తెరమీద కనపడగానే ప్రేక్షకుడు నమ్మేస్తాడు. కాబట్టి మోరియార్టీని తెరకెక్కించే ప్రతివాడూ ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఒక్కడి మాటగా ఉన్నదాన్ని అందరి కంటికీ కనబడేలా చేసినప్పుడు ఏం పోతుంది, దాని బదులు ఏం పెట్టాలి? నాకు నచ్చిన సినిమాలు, సీరియల్స్ అన్నీ ఏదో ఒక రకంగా ఈ ఖాళీలో పనిచేసినవే.

అందరికంటే తెగించింది 1976లో వచ్చిన 'ద సెవెన్ పర్ సెంట్ సొల్యూషన్'. సాక్షి ఒక్కడే అయితే, ఆ సాక్షి కొకైన్‌కి బానిస అయితే? అందులో మోరియార్టీ ఒక భయస్తుడైన ముసలి లెక్కల మాస్టారు, హోమ్స్‌కి చిన్నప్పుడు పాఠాలు చెప్పినవాడు. లారెన్స్ ఒలీవియర్ చేశాడు. నేరసామ్రాజ్యం అంతా హోమ్స్ బుర్రలో ఉంది. వాట్సన్ అతన్ని మాయచేసి వియన్నాకి, మనసు డాక్టరు ఫ్రాయిడ్ దగ్గరికి తీసుకుపోతాడు. ఇది డాయిల్‌ని వెక్కిరించడం అనిపిస్తుంది గానీ, నిజానికి మూలంలో ఉన్న ఒక పగులుని పట్టుకుని లాగడం.

బీబీసీ 'షెర్లాక్' (2010) అదే పగులుని ఇంకో వైపునుంచి తెరిచింది. ఆ సీరియల్‌ని నువ్వు బాగా చూశావని నీ డైలాగుల్లోనే తెలుస్తోంది, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను. మొదటి సిరీస్ చివరి ఎపిసోడ్‌లో, ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే మాలీ తన కొత్త బాయ్‌ఫ్రెండ్‌ని పరిచయం చేస్తుంది. కంప్యూటర్ల డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే జిమ్. షెర్లాక్ అతన్ని ఒక్క చూపు చూసి, నాలుగు ముక్కలు ఊహించి, పట్టించుకోకుండా వదిలేస్తాడు. స్విమ్మింగ్ పూల్ దగ్గర ఆ జిమ్మే మోరియార్టీగా బయటికొచ్చినప్పుడు మనకి దెబ్బ తగిలేది ట్విస్ట్ వల్ల కాదు. అన్నీ చూడగలిగిన కళ్లు అతన్ని చూసి కూడా చూడలేదు, అందువల్ల.

రెండో సిరీస్‌లో ఇంకా ముందుకెళ్లారు. 2012 జనవరిలో వచ్చిన 'ద రైకెన్‌బాక్ ఫాల్'లో మోరియార్టీ లండన్ టవర్‌లో కిరీటం పెట్టుకుని కూర్చుని దొరికిపోతాడు, జూరీని బెదిరించి విడుదలవుతాడు. (1939లో బాసిల్ రాత్‌బోన్ సినిమా కూడా మోరియార్టీ కోర్టులో నిర్దోషిగా బయటపడటంతోనే మొదలవుతుంది. అందులోనూ టవర్‌లోని రాజాభరణాల మీదే కన్ను. పాతవి చూడు, ఊరికే పోవు.) తర్వాత తను అసలు మోరియార్టీయే కాదనీ, షెర్లాక్ డబ్బులిచ్చి వేషం వేయించిన నటుణ్ణనీ పత్రికకి చెప్తాడు. మోరియార్టీ అనేవాడు హోమ్స్ మాటల్లోనే ఉన్నాడన్న పాత సంగతి ఇక్కడ విలన్ చేతిలో ఆయుధమైంది. హోమ్స్ ప్రాణం కంటే ముందు హోమ్స్ మాట చచ్చిపోవాలి.

ఇంకో ముక్క, నీ టెక్ కంపెనీ గురించే. ఆ ఎపిసోడ్‌లో ఏ తలుపునైనా తెరిచే కంప్యూటర్ కోడ్ ఒకటి మోరియార్టీ దగ్గరుందని అందరూ నమ్ముతారు, షెర్లాక్‌తో సహా. ఆఖర్న తెలుస్తుంది, అలాంటి కోడే లేదు. లోపలి మనుషుల్ని పట్టుకున్నాడు, తలుపులు తెరిపించాడు. హ్యాకర్ విలన్‌ని రాసే అవకాశం ఉండి కూడా దాన్ని ఎరగా వాడి వదిలేశారు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. మేడ మీద తుపాకీతో కాల్చుకున్నవాణ్ణి మళ్లీ మళ్లీ వీడియోల్లో, కలల్లో, ఫ్లాష్‌బ్యాకుల్లో తేవడం నాకు నచ్చలేదు. జనానికి నచ్చిన విలన్‌ని వదులుకోవడం ఏ రచయితకైనా కష్టమే. డాయిల్‌కి ఆ బాధ లేదు, అతన్ని తలుచుకోవడానికి కూడా ఆయనకి పెద్దగా ఓపిక లేదు.

అమెరికాలో 2012లో మొదలైన 'ఎలిమెంటరీ' సంగతి వేరు. అందులో మోరియార్టీ ఆడమనిషి. నువ్వు ఉత్తరంలో "అది ఊరికే షాక్ కోసం" అన్నావు, నేను ఒప్పుకోను. ఆ హోమ్స్ మత్తుమందులకి బానిస కావడానికి కారణం తను ప్రేమించిన ఐరీన్ హత్య. మొదటి సీజన్ చివర ఐరీనే మోరియార్టీ అని తెలిసేసరికి, అతను ఇన్నాళ్లూ మోసిన దుఃఖమే ఆమె వేసిన పథకం అయిపోయింది. ఆ ఒక్క మార్పుతో హోమ్స్ గతం మొత్తం వేరే అర్థంలోకి తిరిగింది. పైగా ఆమె బలహీనతని కనిపెట్టింది హోమ్స్ కాదు, వాట్సన్. డాయిల్ కథలో దొంగ ఉత్తరంతో పక్కకి పంపేసిన మనిషికి ఇక్కడ గెలుపు దక్కింది.

గ్రనడా టీవీవాళ్లు, జెరెమీ బ్రెట్ హోమ్స్‌గా చేసిన సీరియల్లో, తెలివైన గుమాస్తా పని చేశారు. మోరియార్టీ హఠాత్తుగా ఊడిపడతాడన్న లోటుని, అంతకుముందు ఎపిసోడ్ 'ద రెడ్ హెడెడ్ లీగ్'లోని బ్యాంకు దోపిడీ వెనక అతన్ని నిలబెట్టి పూడ్చేశారు. చిన్న మార్పు. మిగతా డాయిల్‌ని దాదాపు ముట్టుకోలేదు.

ఇక నీ స్క్రిప్టు. మూడో సీన్లో నీ హోమ్స్ వాట్సన్‌తో, "ఒకసారి నా మాట మీద ఒకణ్ణి జైల్లో వేశారు, వాడు చెయ్యలేదు" అంటాడు. ఆ తర్వాత దాని ఊసే లేదు. నువ్వు గమనించకుండానే కథకి తలుపు తెరిచిపెట్టావు. మోరియార్టీ రావలసింది ఆ తలుపులోంచి. ఆ తప్పు సంగతి తెలిసిన రెండో మనిషి అతనైతే? ఆ కేసులో కోర్టుకి లెక్క చెప్పినవాడే అతనైతే?

అతను గణితం ప్రొఫెసర్ అన్న సంగతి నువ్వు పూర్తిగా వదిలేశావు. డాయిల్ రాసినదాని ప్రకారం 21 ఏళ్లకే బైనామియల్ సిద్ధాంతం మీద గ్రంథం రాసినవాడు. ఈ రోజుల్లో లెక్కలు తెలిసినవాడి మాటకి ఎక్కడ బలం ఉందో వెతుకు. 1999లో ఇంగ్లండ్‌లో ఇద్దరు పసిబిడ్డల్ని పోగొట్టుకున్న ఒక తల్లి మీద హత్యకేసు నడిచింది. ఒకే ఇంట్లో ఇలా రెండుసార్లు సహజంగా జరిగే అవకాశం 7 కోట్ల 30 లక్షల్లో ఒకటి అని సాక్షిగా వచ్చిన డాక్టరు చెప్పాడు. ఒక మరణానికి వేసిన అంచనాని దానితోనే హెచ్చవేసి తెచ్చిన అంకె అది. రెండు మరణాలకీ ఒకే కారణం ఉండే వీలు లేదనుకుంటేనే ఆ లెక్క నిలుస్తుంది. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆ లెక్కని బహిరంగంగా తప్పుపట్టింది. 2003లో శిక్ష రద్దయింది, అందుకు అసలు కారణం బయటపెట్టని వైద్య పరీక్షల ఫలితాలు. అయినా విచారణలో జూరీ ఆ అంకె విన్నది. ఆ కేసుని నీ కథలో వాడమనడం లేదు, అది ఒక కుటుంబం దుఃఖం. ఒక్క అంకె కోర్టులో ఎంత పని చెయ్యగలదో చూడమంటున్నాను. నీ ప్రొఫెసర్ చేతికి కెమెరాలెందుకు?

గాజు గోడల ఆఫీసు కూడా తీసెయ్యి. 'ద వ్యాలీ ఆఫ్ ఫియర్'లో మోరియార్టీ సంపదని డాయిల్ ఎలా చెప్పాడో చూడు. ప్రొఫెసర్ జీతం ఏడాదికి 700 పౌన్లు. అతని గదిలో గోడ మీద గ్రూజ్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడి బొమ్మ ఒకటి వేలాడుతోంది. ఆ చిత్రకారుడిదే ఇంకో బొమ్మ 40 వేల పౌన్లకి పైగా పలికిందని హోమ్స్ మాటల్లో అంటాడు. పోలీసు ఇన్‌స్పెక్టర్ అదే గదిలో కూర్చుని, ప్రొఫెసర్ గ్రహణాల గురించి చెప్తుంటే ముచ్చటపడి వచ్చాడు. బొమ్మని చూశాడు గానీ లెక్క వేసుకోలేదు. అది రెండు షాట్ల పని, ఖర్చు కూడా తక్కువ.

నీ క్లైమాక్స్‌కి ముందు ఇద్దరూ కలిసే సీన్లో మోరియార్టీ నాలుగు పేజీల పాటు తన ప్లాన్ వివరించాడు. డాయిల్ సీను మళ్లీ చదువు. "నేను చెప్పదలచినదంతా మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది" అంటాడు ప్రొఫెసర్. "అయితే నా జవాబూ మీకు తట్టే ఉంటుంది" అంటాడు హోమ్స్. తెలివైనవాళ్లు ఇద్దరు కూర్చుంటే మాటలు తగ్గాలి. సత్యజిత్ రాయ్ 'జై బాబా ఫేలూనాథ్' (1979) కూడా చూడు. బెనారస్‌లో తన ఇంటికొచ్చిన డిటెక్టివ్ ఫెలూదా మీద విలన్ మగన్‌లాల్ చెయ్యి కూడా వెయ్యడు. ఫెలూదా స్నేహితుణ్ణి చెక్క పలకకి ఆనించి నిలబెట్టి, ఒక ముసలాయన చేత కత్తులు విసిరిస్తాడు. డిటెక్టివ్ కూర్చుని చూడాల్సిందే. మగన్‌లాల్‌గా చేసిన ఉత్పల్ దత్ గొంతు ఎక్కడా పెంచడు.

హక్కుల సంగతి అడిగావు. డాయిల్ 1930లో పోయాడు. అమెరికాలో మిగిలిన చివరి కథలు కూడా 2023 జనవరి 1 నుంచి అందరివీ అయిపోయాయి. కానీ డాయిల్ రాసింది మాత్రమే ఉచితం. మాలీ, జిమ్ వేషం, నటుడి నాటకం, ఐరీనే మోరియార్టీ కావడం, ఇవి వాటిని పుట్టించినవాళ్ల సొత్తు. నీ ఐదో సీన్లో మార్చురీలో పనిచేస్తూ షెర్లాక్‌ని మూగగా ప్రేమించే అమ్మాయి ఉంది, ఆమెని తీసెయ్యి. ఆమె పని వాట్సన్ చెయ్యగలడు.

మొత్తం తిరగరాయడం మొదలుపెట్టకు. ముందు ఆ పాత కేసు విచారణ రోజు ఒక్కటి రాయి. ప్రొఫెసర్ సాక్షి బోనులో, హోమ్స్ గ్యాలరీలో. అతని పేరు ఎక్కడా వినపడనీయకు. ఆ పేజీలు పంపితే వాటి మీద మాట్లాడుకుందాం.

ఇట్లు,
అన్న