ఆపరేషన్ పేర్ల చివర ఈ "టమీ" ఏంటి?

సందేహం: హిస్టరెక్టమీ, లాపరాటమీ, కొలాస్టమీ... ఏ ఆపరేషన్ పేరు చూసినా చివర టమీ ఉంటోంది. ఇంగ్లీషులో టమీ అంటే పొట్ట కదా, ఇవన్నీ పొట్ట ఆపరేషన్లనా? మరి టాన్సిల్స్ తీసేదాన్ని కూడా టాన్సిలెక్టమీ అంటారేంటి?

సమాధానం: పొట్టకీ దీనికీ సంబంధం లేదండీ, ఉన్నా మీరనుకున్న చోట లేదు, అదెక్కడో చివర్లో చెప్తా. గ్రీకులో "తొమే" అంటే కోత, ఈ టమీ అదే. అటామ్‌లో ఉన్నదీ ఇదే, అ-తొమోస్ అంటే ఇక కొయ్యడానికి వీల్లేనిది, ఆ ముందున్న "అ" మన సంస్కృతం "అ"కి చుట్టమే. ఉత్త టమీ అయితే కోసి తెరవడం, లాపరాటమీ అంటే పొట్ట తెరిచి చూడడం, అంతే, ఏదీ తీసెయ్యక్కర్లేదు. దానికి ముందు "ఎక్" చేరితే (గ్రీకులో బయటికి అని) కోసి తీసెయ్యడం. అందుకే గర్భసంచి తీసేస్తే హిస్టరెక్టమీ, టాన్సిల్స్ తీసేస్తే టాన్సిలెక్టమీ. సుశ్రుతుడు ఈ రెంటినీ ఎప్పుడో విడదీసి పేర్లు పెట్టాడు, కోసి తెరిస్తే భేదనం, కోసి వేరు చేస్తే ఛేదనం. కుట్లు వెయ్యడం సీవనం, హెర్నియోరఫీ (హెర్నియాని కుట్టి సరిచేసే ఆపరేషన్) లో "రఫీ"కి అర్థం అదే.

అసలు తిరకాసు కొలాస్టమీ దగ్గరుంది. అందులో ఉన్నది టమీ కాదు, స్టమీ. "స్తోమా" అంటే నోరు. పెద్దపేగుకి పొట్ట మీద కొత్త నోరు పెడతారన్నమాట, కోత అనే అర్థం ఆ మాటలోనే లేదు. ట్రెకియాటమీ అంటే శ్వాసనాళాన్ని కొయ్యడం, ట్రెకియాస్టమీ అంటే అక్కడ గాలికి దారి పెట్టి ఉంచడం, తెలుగులో రాసేటప్పుడు ఆ ఒక్క "స" ఎగిరిపోతే అర్థం మారిపోతుంది, కాకపోతే ఈ రెంటినీ డాక్టర్లే కలిపి వాడేస్తుంటారు లెండి. ఇక మీ పొట్ట సంగతి, స్టమక్ అనే మాట ఈ స్తోమా నుంచే వచ్చింది, పిల్లలు దాన్ని నోరు తిరక్క పలికిందే టమీ! అంటే మీ ఊహ తప్పే గానీ చుట్టూ తిరిగి స్టమీ గుమ్మంలోకే వచ్చింది.

ఇంకో మాట, మీరు అడగలేదనుకోండి. "ప్లాస్టీ" అంటే మట్టిని మలిచినట్టు తీర్చిదిద్దడం, అది కూడా గ్రీకే. ప్లాస్టిక్ సర్జరీ అంటే లోపల ప్లాస్టిక్ పెడతారనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, జర్మన్ డాక్టర్ ట్సైస్ 1838లో ఆ పేరుతో పుస్తకం రాసేటప్పటికి మనం బకెట్లకి వాడే ప్లాస్టిక్ ఇంకా పుట్టనే లేదు.