సూది లేని షుగర్ వాచీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాయనకు రెండు పూటలా ఇన్సులిన్ వేస్తాం. గుచ్చకుండా షుగర్ చూపే వాచీ తెప్పించాం. ఆక్సిమీటర్ వెలుతురుతోనే ఆక్సిజన్ చెబుతుంది కదా, షుగర్ చెప్పలేదా?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: ఆ వాచీ అంకె చూసి ఇన్సులిన్ యూనిట్లు మాత్రం మార్చకండి. గుచ్చకుండా షుగర్ కొలుస్తామనే ఏ వాచీకీ, ఏ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

ఆక్సిమీటర్ చూసేది హిమోగ్లోబిన్ రంగును. ఆక్సిజన్ పట్టిన హిమోగ్లోబిన్ ఒక రకంగా, పట్టనిది ఇంకో రకంగా ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చుకుంటాయి. పైగా 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ సుమారు 14 గ్రాములుంటుంది. షుగర్ 100 అంటే అంతే రక్తంలో 0.1 గ్రాము. దానికి రంగు లేదు. ఇన్‌ఫ్రారెడ్‌లో అది కాంతిని పీల్చుకునే చోటే నీళ్లు ఇంకా గట్టిగా పీల్చుకుంటాయి. చెమట, చర్మం వేడి, పట్టీ బిగువు మారినా సంకేతం మారిపోతుంది.

వాచీని పరీక్షిస్తామంటే పరగడుపున, తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్ స్ట్రిప్‌తో చూసి, అదే నిమిషంలో వాచీ అంకె కూడా పక్కన రాయండి. ఒకటి రెండు సార్లు దగ్గరగా వచ్చిందని నమ్మొద్దు. నాయన షుగర్ 110, 150 మధ్యే తిరుగుతుంటే, ఎప్పుడూ 130 చూపే బొమ్మ వాచీ కూడా 20కి మించి తేడా చూపదు. అసలు అవసరం 60 ఉన్నప్పుడు, 300 ఉన్నప్పుడు. తూలుతున్నా, చెమటలు పడుతున్నా వాచీ ఏం చెప్పినా స్ట్రిప్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే, స్పృహలో ఉండి మింగగలిగితే, మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి 15 నిమిషాలకు మళ్లీ చూడాలి.

స్ట్రిప్‌నూ చెడగొట్టొచ్చు. చీనీకాయ ఒలిచిన వేలితో చూస్తే లేని షుగర్ కనిపిస్తుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక, వేలి పక్కన గుచ్చండి. మన ఎండలకు స్ట్రిప్ డబ్బాను బండి డిక్కీలో పెట్టొద్దు.

ప్రశ్న: చేతికి అంటించే పట్టీ ఫోన్‌కు అంకె పంపుతుంది. అది తరంగాలతో కొలిచినట్టేనా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: కాదమ్మా. తరంగం అంకెను మోస్తుంది, అంతే. కొలిచేది చర్మం కింద ఉండే సన్నని తీగ మీది ఎంజైమ్. అది కణాల మధ్య ద్రవంలో చూస్తుంది కాబట్టి, షుగర్ వేగంగా మారేటప్పుడు రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడుతుంది.

ప్రశ్న: మైక్రోవేవ్ యాంటెన్నాతో షుగర్ కొలిచే ప్రాజెక్టు చేస్తున్నాం. బీకరులో బాగా వస్తోంది, వేలు పెడితే రావడం లేదు.
– ఇంజినీరింగ్ విద్యార్థులు, కర్నూలు

జవాబు: ముందు మీ ద్రావణాలు చూసుకోండి. 5 శాతం గ్లూకోజ్ అంటే 100 మిల్లీలీటర్లకు 5,000 మిల్లీగ్రాములు, అంత షుగర్ మనిషికి ఉండదు. లీటరుకు 0.7, 1, 2, 4 గ్రాములు కలపండి, అవే 70, 100, 200, 400. నీళ్లకు బదులు లీటరుకు 9 గ్రాముల ఉప్పున్న సెలైన్ వాడండి. వేడి ఒక డిగ్రీ పెరిగితే నీటి పెర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి నీరు ఎంత స్పందిస్తుందో చెప్పే కొలత, మీ యాంటెన్నా చూసేది దాన్నే) సుమారు 0.4 శాతం తగ్గుతుంది. 100 మిల్లీగ్రాముల షుగర్ తెచ్చే మార్పు అంతకంటే చాలా చిన్నది. కాబట్టి బీకరును వాటర్ బాత్‌లో ఉంచి, వేడిని డిగ్రీలో పదో వంతు వరకు రాసుకోండి. వేలికైతే ఒత్తిడి ప్రతిసారీ ఒకేలా ఉండేలా క్లిప్పు కావాలి. సీసాల మీద అంకె తెలియకుండా ఇంకొకరి చేత వరస మార్పించి కొలవండి. వరుసగా పెంచుకుంటూ పోతే, గది వేడెక్కినా షుగర్ పెరిగినట్టే కనిపిస్తుంది.