మచిలీపట్నంలో 1611లో వెలసినది కర్మాగారమేనా?

సందేహం: "1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో కర్మాగారం స్థాపించారు" అని మా పిల్లలు చదివే ఒక పుస్తకంలో ఉంది. యంత్రాలే లేని కాలంలో కర్మాగారం ఎక్కడిదని ఒక విద్యార్థి అడిగాడు. 'ఫ్యాక్టరీ'కి ఇక్కడ సరైన తెలుగు మాట ఏది? — ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: ఆ విద్యార్థి అడిగినది న్యాయమైన ప్రశ్న. కుతుబ్ షాహీల నాటి మచిలీపట్నంలో ఆంగ్లేయులు ఏ వస్తువునూ తయారు చేయలేదు. మన సాలెలు నేసిన బట్టను, మన అద్దకపువారు రంగులద్దిన బట్టను వెండి పోసి కొని ఓడలకెక్కించారు. ఇంగ్లీషు మాట కనబడగానే నేటి అర్థాన్ని దించేసే అలవాటు వల్ల, కొనుక్కోవడానికి వచ్చినవాడు తయారీదారుగా మారిపోయాడు.

లాటిన్‌లో 'ఫాకెరె' అంటే చేయడం, 'ఫాక్టర్' అంటే చేసేవాడు. మన కృ ధాతువు నుంచి కర్త, కర్మ పుట్టినట్టే అక్కడా ఒక్క ధాతువు చుట్టూ పెద్ద కుటుంబం పెరిగింది. చేసేవాడనే అర్థం క్రమంగా ఒకరి తరఫున బేరసారాలు చక్కబెట్టేవాడు అనే అర్థంగా కుదురుకుంది. కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) కొలువులో ఇది ఒక హోదా కూడా: రైటరు (గుమాస్తా) మీద ఫాక్టరు, ఆపైన జూనియర్ మర్చంటు, సీనియర్ మర్చంటు. ఫాక్టర్లు కాపురముండి, నేతగాళ్లకు బయానాలిచ్చి, సరుకు నిలవచేసి, లెక్కలు రాసుకున్న చోటు ఫ్యాక్టరీ. పోర్చుగీసువారి 'ఫెయితోరియా' కూడా ఇదే.

ఆ మాటకు తయారీ చోటు అనే అర్థం స్థిరపడడం వెనుక పారిశ్రామిక విప్లవమంతా ఉంది. 1721లో ఇంగ్లండు తన నేతను కాపాడుకోవడానికి అద్దకపు నూలుబట్టల వాడకాన్ని చట్టం చేసి నిషేధించింది. 1771లో ఆర్క్‌రైట్ అనే వ్యాపారి ఇంగ్లండులోని క్రామ్‌ఫర్డ్‌లో నీటి బలంతో నడిచే నూలుమిల్లు పెట్టాడు. 1813లో భారత వాణిజ్యంపై కుంఫిణీ గుత్తాధిపత్యం రద్దయి, ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుబట్టకు మన రేవులు తెరుచుకున్నాయి. 1833లో బ్రిటన్ బట్టల మిల్లుల్లో పిల్లల పనిగంటలను కట్టడి చేసిన చట్టానికి ఫ్యాక్టరీ చట్టమని పేరు. అదే ఏడాది మరో చట్టం కుంఫిణీ వర్తకాన్నే మాన్పించి దానికి పరిపాలనను మిగిల్చింది. పాత అర్థానికి ఆధారమైన వ్యాపారం ముగిసేనాటికి కొత్త అర్థం చట్టాలకెక్కింది.

ఇంతకంటె నన్ను కలచివేసే మాట 'మడపొల్లం'. నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో కుంఫిణీకి వర్తక స్థావరం ఉండేది. ఆ పేరే ఇంగ్లీషువారి నోట మడపొల్లమై, అక్కడ కొన్న సన్నని తెల్ల నూలుబట్టకు పేరైంది. పందొమ్మిదో శతాబ్ది చివరికి ఆ పేరుగల బట్ట ఇంగ్లండు నుంచి మన దేశానికే ముఖ్యమైన దిగుమతి అయింది. గోదావరి ఒడ్డు ఊరి పేరు మోసుకొని వచ్చిన పరాయి బట్టను మనం కొన్నాం. సామ్రాజ్యవాదానికి నేను ఇంతకంటె సూటి నిర్వచనం చదవలేదు.

తమ బట్టకు రక్షణ అవసరమైనప్పుడు నిషేధాన్ని, అవసరం తీరాక స్వేచ్ఛా వాణిజ్యాన్ని ఆంగ్లేయులు సిద్ధాంతంగా నిలిపారు. 1896లో దిగుమతి బట్ట మీది సుంకానికి సమంగా మన మిల్లుబట్ట మీద మూడున్నర శాతం ఎక్సైజు సుంకం వేయడానికీ ఆ సిద్ధాంతమే సాకు. 1905 నాటి స్వదేశీ ఉద్యమం దీనికి జవాబు. 1910లో అదే మచిలీపట్నంలో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతో పాటు చేతిపనులూ నేర్పింది. ఆంగ్లేయులు కర్మాగారాలు పెట్టడానికి వచ్చారని చదివిన పిల్లవాడికి ఈ ఉద్యమం ఎందుకు పుట్టిందో ఎలా బోధపడుతుంది?

ఇక సరైన తెలుగు మాట సంగతి. 'గిడ్డంగి' సరుకుకు సరిపోతుంది గాని అక్కడ కాపురమున్న మనుషులకు చాలదు. ఉత్తరాదివారు 'కోఠీ' అన్నారు. అది తెలుగులో ఈ అర్థంతో నిలవలేదు. 1611 నాటి దానికి 'వర్తక స్థావరం' నాకు నచ్చిన మాట. 'వర్తకశాల' అన్నా కాదనను. 'ఫ్యాక్టరీ' అనే ఉంచి పక్కన వివరణ ఇవ్వడమూ దోషం కాదు. 'కర్మాగారం' అనే మాటను మాత్రం యంత్రాలు వచ్చేదాకా ఆపండి.